ఆ ఖాళీలో ఏడు అని రాశాను

ఇళ్లలో ఉన్న కంప్యూటర్ల మీద ఇక తమ కోడ్ ఉండకూడదని క్లయింట్ ఒక మెయిల్ రాసి చేతులు దులుపుకున్నాడు. ఆ మెయిల్‌ను నెత్తిన పెట్టుకొని మోసింది నేను. ఏడాది దాటింది, ఇప్పటికీ ఆ సంగతి ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ముందు క్లయింట్ మీద మండుతుంది, తర్వాత మా కంపెనీ మీద, అక్కడి నుంచి తిరిగి తిరిగి నా మీదికే వస్తుంది.

జగిత్యాలలో ఎరువుల దుకాణం మీద రెండు గదులు మా ఆఫీసు. ఐదుగురం. కింద యూరియా దిగిన రోజు పైన మాకు తుమ్ములు. మా క్లయింట్ హైదరాబాద్‌లో ఒక కంపెనీ, ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది, అందులో కొన్ని ముక్కలు మేం రాసిస్తాం. అందరికంటే వయసులో పెద్దవాణ్ని, ముందు చేరినవాణ్ని కాబట్టి నన్ను సార్ అంటారు. ఆ పిలుపు నాకు ఒంటికి బాగానే పట్టింది. మరీ ఎక్కువే పట్టిందేమో.

అప్పటిదాకా ఎవరి పని వాళ్ల లాప్‌టాప్‌లో ఉండేది. కోడ్, దాన్ని నడిపే సరంజామా, పరీక్షించి చూసుకునే నమూనాలు అన్నీ అందులోనే. ఎవరి వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో వాళ్లకే తెలిసినట్టు, ఎవరి మెషీన్ వాళ్ల చేతికి అలవాటు. ఇప్పుడు అదంతా క్లౌడ్‌కు పోవాలి. అంటే ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో ఒక్కొక్కరికి ఒక మెషీన్ ఇస్తారు, దాన్ని వర్క్‌స్పేస్ అంటారు. మన లాప్‌టాప్ దాన్ని చూసే కిటికీ మాత్రమే. కిటికీ మూస్తే మన దగ్గర ఏమీ మిగలదు.

ఆ ఏర్పాటంతా నేనే చేశాను. ఒక మధ్యాహ్నం చాయ్ తాగుతూ, నిలబడే, దాని సెట్టింగ్స్ పేజీ నింపాను. అందులో ఒక ప్రశ్న ఉంది: ఎన్ని రోజులు ఎవరూ ముట్టకపోతే వర్క్‌స్పేస్‌ను తుడిచెయ్యాలి? ఖాళీలో ముందే ముప్పై అని ఉంది. నేను దాన్ని కొట్టేసి ఏడు అని రాశాను. ఎందుకు అంటే, హైదరాబాద్ వాళ్లు చూసి, జగిత్యాలలో కూడా పద్ధతి తెలిసినవాళ్లు ఉన్నారే అనుకోవాలని. వారం రోజులు పని ముట్టనివాడికి వర్క్‌స్పేస్ ఎందుకు అని నాలో నేనే అనుకున్నాను, ఆ మాట నాకే ముద్దొచ్చింది. మా వాళ్లకు పన్నెండు సూచనలతో ఒక మెసేజ్ పంపాను. ఏడు రోజుల సంగతి అందులో తొమ్మిదో పదో. ఎవరూ చదవలేదు. రెండు నెలలు గడిచేసరికి నేనూ మరిచిపోయాను.

మా ఐదుగురిలో ఒకామె కోరుట్ల నుంచి పని చేసేది. వారంలో రెండు రోజులు బస్సెక్కి ఆఫీసుకు వచ్చేది, మిగతా రోజులు ఇంటి నుంచే. పుట్టిల్లు రాయికల్. తల్లి బీడీలు చేసేది, ఈమె కూడా డిగ్రీ అయ్యేదాకా తల్లి పక్కన కూర్చొని చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చేసింది. పెళ్లై కోరుట్ల వచ్చింది, ఇద్దరు పిల్లలు బడికి పోతున్నారు. నేను ఆమెను చెల్లె అనేవాణ్ని. ఆమె మాత్రం ఎన్నిసార్లు చెప్పినా సార్ అనే పిలిచేది.

ఈ గొడవ జరిగేనాటికి ఆమె చేతిలో ఉన్నది అన్నిటికంటే చికాకు పని. ఒక్కో ఆసుపత్రిలో రక్తపరీక్షల మెషీన్ ఒక్కో రకం. ఒకటి తేదీని ముందు రాస్తుంది, ఒకటి వెనక రాస్తుంది, ఒకటి అసలు రాయదు. ఆ రిపోర్టులన్నిటినీ ఒకే తీరులోకి మార్చాలి. నాలాంటివాడు రెండు రోజులు చూసి ల్యాబ్ వాళ్లను తిట్టి లేచిపోయే పని. ఆమె ఒక్కో ల్యాబ్‌కు ఫోన్ చేసి, అన్నా, ఈ అంకె పక్కన చుక్క ఎందుకు పెడుతుంది మీ మెషీన్ అని ఓపికగా అడిగి తెలుసుకొని రాసేది. ఆ పని క్లయింట్‌కు నచ్చితే దాని బాగోగులు ఇక ఎప్పటికీ మాకే ఇస్తామన్నారు, అప్పుడు ఆమె ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. నచ్చకపోతే ఐదో మనిషి అవసరం మాకు లేదు. ఈ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమెలో ఒక్క అలవాటు నాకు పడేది కాదు. చేసిన పనిని ఎప్పటికప్పుడు అందరి ఉమ్మడి చోటికి పంపాలి, దాన్ని మేం పుష్ చెయ్యడం అంటాం. పంపింది పోదు. ఆమె పంపేది కాదు. పని మొత్తం పూర్తయి, తనే నాలుగుసార్లు చూసుకున్న తర్వాత ఒకేసారి పంపేది. అడిగితే నవ్వేది.

"సగం పని ఎట్ల ఇస్తం సార్? కార్ఖానల కట్ట నిండకపోతే తీసుకుంటరా? తక్కువ కట్ట తీస్కపోతే మా అమ్మను అందరి ముంగట అనేటోళ్లు."

ఇది బీడీలు కాదు చెల్లె అని నేను చాలాసార్లు అన్నాను. అయినా వదిలేశాను, ఎందుకంటే ఆమె పంపిన పనిలో తప్పు దొరికేది కాదు.

క్లౌడ్‌కు మారిన వారంలో అందరి లాప్‌టాప్‌ల మీద ఉన్నదంతా చెరిపి, చెరిపామని సంతకం చేసి పంపాలి. కోరుట్లలో ఆమె ఇంటికి నేనే వెళ్లాను. పని అక్కడికి మార్చి, ఇక్కడిది చెరపబోతుంటే ఆమె అడిగింది.

"సార్, ఒక్క కాపీ పెన్‌డ్రైవ్‌ల ఏసుకోనా? కొన్నొద్దులు ఉంచుకుంట. మనసు నిమ్మలముంటది."

"ఏమొద్దు చెల్లె. అంత క్లౌడ్‌ల భద్రంగ ఉంటది. నీ లాప్‌టాప్‌ను పిల్లలు కింద పడేస్తరేమో గని, క్లౌడ్ పడేది కాదు."

ఆమె పక్కకు జరిగింది. చెరిపే బటన్ నేనే నొక్కాను. క్లయింట్ నియమం ప్రకారం అది సరైన పనే, ఇప్పుడైనా అదే చేస్తాను. కానీ ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న ధీమా గుర్తొస్తే మాత్రం నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తర్వాత నాలుగు నెలలు నరకం. అక్షరం ఇక్కడ కొడితే తెర మీద అది తీరిగ్గా వచ్చేది. మధ్యాహ్నం మూడింటికి అందరూ ఒకేసారి పని చేస్తుంటే చక్రం తిరుగుతూ ఉండేది, ఆ చక్రాన్ని చూస్తూ మేం కూర్చునేవాళ్లం. మా ఐదుగురిలో ఒకతను సిరిసిల్ల నుంచి చేస్తాడు, కింద సాంచాలు, పైన అతని గది. సాంచాలంటే మరమగ్గాలు. ఇదివరకు కరెంటు పోతే అతనికి పండగే, సాంచాల చప్పుడు ఆగేది, లాప్‌టాప్ బ్యాటరీ మీద మూడు గంటలు హాయిగా పని చేసుకునేవాడు. ఇప్పుడు కరెంటు పోతే వైఫై పోతుంది, వైఫైతో పాటు పనీ పోతుంది.

"లాప్‌టాప్ మంచిగనే ఉన్నది సార్. దాంట్ల పనే లేదు," అని ఫోన్ చేసేవాడు. వెటకారమో బాధో తెలిసేది కాదు.

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకో అనేవాణ్ని. పెట్టుకుంటే సిగ్నల్ కోసం గోడెక్కాల్సి వచ్చేది. నేను హైదరాబాద్‌కు ఫోన్ చేసి అరిచేవాణ్ని. వాళ్లు టికెట్ పెట్టండి అనేవారు. టికెట్ పెడితే మీ వైపు నెట్ చూసుకోండి అని జవాబు వచ్చేది. పైగా ఆ వర్క్‌స్పేస్‌ల గురించి రోజుకు ఇరవై మెయిళ్లు. ఫలానాది మొదలైంది, ఫలానాది ఆగింది, ఫలానాది నిదానించింది. విసుగొచ్చి అవన్నీ చదవకుండానే ఒక పక్క ఫోల్డర్‌లోకి పోయేలా పెట్టేశాను. మెయిల్ పెట్టె శుభ్రంగా కనబడింది. ఆ వారం నాకు దక్కిన సంతోషం అదొక్కటే.

అట్లాంటి రోజుల్లో రాయికల్‌లో ఆమె తల్లి చనిపోయింది. పొద్దున బాగానే ఉండి, మధ్యాహ్నం చాట ముందే ఒరిగిపోయిందట. అప్పటికి ఆరు వారాలుగా ఆమె ఆ రిపోర్టుల పని మీద ఉంది. ఇంకో నాలుగు రోజులైతే అయిపోయేది. ఫోన్ రాగానే ఉన్నది ఉన్నట్టు వదిలి బస్సెక్కింది.

మూడో రోజు పలకరించడానికి నేను రాయికల్ వెళ్లాను. వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. అన్నదమ్ములు లేరు, ఒక్కతే బిడ్డ, అన్నీ తనే చూసుకోవాలి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నన్ను చూడగానే ఆ స్థితిలో కూడా పని మాటే ఎత్తింది.

"సార్, గా పని సగంల ఆగింది. పై నెల ఇయ్యాలె గదా."

"పని రంది పెట్టుకోకు చెల్లె," అన్నాను నేను. "పదకొండు దినాలయ్యేదాక కంప్యూటర్ ముట్టనే ముట్టకు. గా పని యాడికి పోదు."

పక్కన కూర్చున్న ఆమె పెద్దమ్మ ఎవరో, మంచి సారు దొరికిండు బిడ్డా అంది. నేను చాయ్ తాగి, చేతులు జోడించి లేచాను. తిరుగు బస్సులో నన్ను చూసుకొని నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

పన్నెండో రోజు ఆమె కోరుట్లకు వచ్చి లాప్‌టాప్ తెరిచింది. పదింటికి నాకు ఫోన్.

"సార్, నా దాంట్ల ఏం లేదు."

"ఏం లేదంటే?"

"ఖాళీగున్నది సార్. కొత్తదాన్లెక్క తెరుచుకున్నది. ఆరు వారాల పని కనవడ్తలేదు."

నన్ను పట్టుకున్నది భయమని అప్పుడే ఒప్పుకొని ఉంటే బాగుండేది. నా భయం ఎప్పుడూ కోపం చొక్కా వేసుకొనే బయటికి వస్తుంది.

"పుష్ చెయ్యలేదా?"

"సగంల ఉండె సార్..."

"సగంల ఉంటే చెయ్యద్దని ఎవలు చెప్పిండ్రు? ఎన్నిసార్లు మొత్తుకున్న నేను? ఇది బీడీల కార్ఖాననా?"

కోపం వస్తే నా నోట్లోంచి చెల్లె అనే మాట మాయమవుతుంది. ఆ రోజు ఒక్కసారి కూడా అనలేదు. ఆమె నేను అరవడం ఆపేదాకా ఆగి, మెల్లగా అడిగింది.

"ఏడు రోజులకే తుడుస్తదని వచ్చింది సార్ దీంట్ల. గా ఏడు ఎవరు పెట్టిండ్రు?"

"క్లయింట్ పెట్టిండు," అన్నాను.

అంత సులువుగా వచ్చింది ఆ అబద్ధం. ఆలోచించి ఆడింది కాదు, జారింది. సరే సార్ అని ఆమె ఫోన్ పెట్టేసింది.

క్లౌడ్ వాళ్లకు రాశాను, ఫోన్ చేశాను, బతిమాలాను. తుడిచింది తిరిగి రాదు అన్నారు. ఎంత మర్యాదగా అన్నారంటే, తిట్టినా బాగుండేది. ఆ మధ్యాహ్నం నేను పక్కకు తోసిన ఫోల్డర్ తెరిచాను. వందల మెయిళ్ల మధ్య అది ఉంది. రేపు ఈ వర్క్‌స్పేస్ తుడిచివేయబడుతుంది, వద్దనుకుంటే ఒక్కసారి తెరవండి అని. ఆమెకు ఒకటి, నాకు ఒకటి పంపింది ఆ మెషీన్. ఆమె ఆ రోజు తల్లి దినాల్లో ఉంది. నేను ఆఫీసులో నెట్ స్పీడు గురించి ఎవరితోనో కొట్లాడుతున్నాను. నేను తెరిచి ఒక్క నొక్కు నొక్కినా సరిపోయేది.

కుర్చీలో అట్లాగే కూర్చున్నాను. కింద దుకాణంలో ఎవరో రైతు మందు పనిచేయలేదని గొడవ పడుతున్నాడు. నాకు మా అమ్మ పోయిన రోజులు గుర్తొచ్చాయి.

మాది సిరిసిల్ల. మా నాయిన వేరొకరి షెడ్డులో సాంచాలు నడిపేవాడు. నేను డిగ్రీలో ఉండగా అమ్మ పోయింది. సాంచా మీద సగం నేసిన గుడ్డ వదిలి నాయిన ఇంటికి వచ్చాడు. పదకొండు రోజులు గడప దాటలేదు. షెడ్డు యజమాని తలుచుకుంటే ఇంకొకరిని ఆ సాంచా మీద పెట్టుకోవచ్చు, బయట పనికి మనుషులు తిరుగుతూనే ఉన్నారు. పెట్టలేదు. పక్క సాంచాలన్నీ నడిచాయి, అదొక్కటే ఆగి ఉంది. పన్నెండో రోజు నేను నాయిన వెంట వెళ్లాను. గుడ్డ మీద దుమ్ము పేరుకుంది. నాయిన దాన్ని దులిపి, తెగిన పోగులు రెండు ముడేసి, ఆగిన చోటి నుంచే మళ్లీ నడిపాడు. దాన్ని కోసి తీసెయ్యాలని ఆ షెడ్డులో ఎవరికీ తోచలేదు, ఎవరినీ అడగాల్సిన అవసరమూ రాలేదు.

ఈ సంగతి నాకు ఎవరో చెబితే తెలిసింది కాదు. నేను చూసింది, నేను కూర్చున్న పదకొండు రోజులు అవి. అయినా ఆ ఖాళీ ముందు నిలబడి ఏడు అని రాశాను. హైదరాబాద్‌వాడో అమెరికావాడో రాసి ఉంటే కడుపారా తిట్టుకునేవాణ్ని. ఇప్పుడు ఎవణ్ని తిట్టాలి?

మర్నాడు పొద్దున్నే హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. పని అంతా పోయింది, తప్పు నాది, ఆమెది కాదు అని చెప్పాను. అవతలి మనిషి ఆ పేజీ తెరిచి చూశాడు.

"మేము ముప్పై పెట్టి ఇచ్చాం కదండీ. ఏడు ఎందుకు చేశారు?"

పద్ధతిగా ఉంటుందనుకున్నాను అని గొణిగాను. ఆ పని తీసుకొని మా వాళ్లకే ఇచ్చేస్తాం అన్నాడు. వద్దని పట్టుబట్టాను, మళ్లీ గొంతు లేచింది, ఈసారి మాత్రం సరైన చోట లేచింది. చివరికి ఒక నెల గడువు ఇచ్చాడు. ఆ ఖాళీలో ముప్పై మళ్లీ రాశాను. మార్పుకు కారణం ఏమిటి అని ఆ పేజీ అడిగితే, ఇక్కడ ఇంట్లో మనిషి పోతే పదకొండు రోజులు కూర్చుంటారు అని రాశాను. ఆ కారణం ఎవరూ కాదనలేదు. మొదట్లోనే ముప్పైని అట్లాగే వదిలేసి ఉంటే ఆ కారణమూ రాయాల్సి వచ్చేది కాదు.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. పని అయింది. రెండోసారి చేసేది తేలిగ్గా వస్తుందంటారు గానీ అది వట్టి మాట. మళ్లీ ల్యాబ్ వాళ్లందరికీ ఫోన్ చేసి, అడిగినవే అడిగి, వాళ్ల విసుగు భరించి, నెలకు రెండు రోజుల ముందు ముగించింది. పర్మనెంట్ అయింది. ఇప్పుడు ఏ రోజు పని ఆ రోజే పుష్ చేస్తుంది, సగమైనా, పావైనా. అంతా మంచికే అయింది కదా సార్ అని సిరిసిల్ల అతను ఒకసారి అన్నాడు. నేను అతని మీద కూడా అరిచాను.

కానీ ఆ గడువు దొరికిన రోజు మధ్యాహ్నం నేను కోరుట్ల బస్సెక్కినప్పుడు ఇవేవీ తెలియవు. నెల రోజులు తెచ్చానన్న ధైర్యంతో వెళ్లాను. ఆమె అప్పటికే మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది. బల్ల మీద నోటుబుక్కు, అందులో ఒక్కో ల్యాబ్‌కు ఒక్కో పేజీ, చాలా పేజీలు ఖాళీ. చాయ్ ఇచ్చింది. గడువు సంగతి చెప్పాను. సరిపోతది సార్ అంది.

చాయ్ చివరి గుక్క తాగి, గ్లాసు కింద పెట్టాను.

"చెల్లె, గా ఏడు రోజులు క్లయింట్ పెట్టలేదు. నేనే పెట్టిన."

"ఎరికే సార్," అంది ఆమె. "సెట్టింగ్స్‌ల ఎవరు మార్చిండ్రో ఉంటది గదా. మీ పేరే ఉన్నది. మీకు ఫోన్ చేసే ముంగటనే చూసిన."

అంటే నేను అబద్ధం ఆడుతుంటే, అది అబద్ధమని తెలిసే సరే సార్ అంది. నేను తల దించుకొని గ్లాసు వైపు చూస్తున్నాను. క్షమించు అనే మాట నాకు అలవాటు లేదు, ఎట్లా మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాను. ఆమె నా మీద కోపం చేసినా, ఒక ఏడుపు ఏడ్చినా నాకు తేలికయ్యేది. ఏదీ చెయ్యలేదు. లాప్‌టాప్ మూత కొంచెం కిందికి వంచి, మామూలు గొంతుతోనే చెప్పింది.

"ఐదో రోజు ఫోన్ల ఒక్కసారి తెరిసి చూద్దామనుకున్న సార్. మనసాగలే. చేతిల పట్టుకున్న గూడ. మీరు ముట్టకు అన్నరు గదా అని, పక్కకు పెట్టిన."

అట్లా అని, ఖాళీ అయిన నా గ్లాసు తీసుకొని లోపలికి వెళ్లింది.